కుడి చక్రం అన్నది, ఎడమ చక్రం తమ్ముడిది

1957లో ఆడి నెల, అంటే తమిళుల ఆషాఢం, ముగియబోతుండగా తళవాయిపురం బాలుసామి తన కూతురు ధనం పెళ్లి ఆపించాడు. పెళ్లికొడుకు తాగుతాడని చెప్పాడు. సాక్ష్యం ఏమిటని బంధువులు అడిగితే వాళ్లను ఊరి బయటికి తీసుకెళ్లి రోడ్డు చూపించాడు.

ముందు రోజు వాన పడింది. మట్టి మీద వ్యాను చక్రాల జాడ ఉంది. అది కల్వర్టు దగ్గర రోడ్డు ఎడమ అంచున మొదలై, చింతచెట్టు దగ్గర కుడి అంచుకు వెళ్లి, రైస్ మిల్లు దగ్గర మళ్లీ ఎడమకు వచ్చింది.

"దీన్ని తోలినోడు తాగలేదని ఎవరైనా చెప్పండి," అన్నాడు బాలుసామి.

మద్యనిషేధం ఉంది కదా, ఎక్కడ దొరుకుతుందని ఒకాయన అన్నాడు. ఎక్కడ దొరుకుతుందో రెండో మాటలో ఆయనే చెప్పాడు. ఆపైన ఎవరూ సందేహించలేదు.

పెళ్లికొడుకు సంగిలి రాజపాళయంలో వ్యాను డ్రైవరు. పొద్దున తళవాయిపురం వచ్చి పత్తి వేసుకుని వెళ్తాడు. మధ్యాహ్నం సత్రపట్టి వెళ్లి ఆసుపత్రులకు పోయే బ్యాండేజి గుడ్డ వేసుకుని వస్తాడు. అతను తాగేది సుగంధి వేళ్లతో చేసే నన్నారి సర్బత్తు.

సంబంధం కుదిరింది కూడా ఆ వ్యాను వల్లనే. బాలుసామి తన ఇంటి తిన్నె మీద కూర్చుని రోడ్డు చూసేవాడు. పొద్దున పచ్చ రంగు వ్యాను ఊళ్లోకి వచ్చేది. కాసేపటికి నీలం రంగు వ్యాను తిరిగి వెళ్లేది. రెండింటిలోనూ సంగిలే ఉండేవాడు. రెండు వ్యాన్లు నడిపే పిల్లవాడు దొరికాడని ఆయన బంధువులకు చెప్పుకున్నాడు. ఉన్నది ఒకటే వ్యాను, దానికి ఎడమ పక్క పచ్చ రంగు, కుడి పక్క నీలం రంగు వేశారని తాంబూలాలు మార్చుకున్నాక తెలిసింది. దాన్ని ఆయన సహించాడు. రోడ్డు మీది జాడను సహించలేకపోయాడు.

మర్నాడు సంగిలి పత్తికి వచ్చినప్పుడు బాలుసామి తన ఇంటి ముందు రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు. వ్యాను ఆయన్ని చూసి ఎడమకు వెళ్లి, కుడికి వచ్చి, ఆయన ముందు ఆగింది.

"ఏమప్పా, పొద్దన్నే పోసుకొని వచ్చినావా?"

"లేదు మామా, సత్యంగా లేదు. స్టీరింగులో ఆట ఉండాది."

"ఆట స్టీరింగులో ఉండాదా, నీలో ఉండాదా?"

"ఎక్కి చూడండి మామా. సగం చుట్టు తిప్పినాక గానీ చక్రానికి కబురు పోదు."

బాలుసామి ఎక్కి తిప్పాడు. స్టీరింగు తిరిగింది.

"తిరుగుతుండాది కదా," అన్నాడు. "తిరిగేదానికే కదా పెట్టినారు. సరి, ఊదు."

సంగిలి ఆయన ముఖం మీద ఊదాడు.

"నన్నారి వాసన."

"నేను తాగేది అదే మామా."

"వాసన పోవాలని దాన్ని తాగేవాళ్లను నేను చాలామందిని చూసినాను."

ఈలోగా జనం చేరారు. బాలుసామి కిందికి దిగి అందరికీ వినిపించేటట్టు చెప్పాడు.

"శనివారం కల్వర్టు నుంచి రైస్ మిల్లు దాకా సున్నంతో నేరుగా గీత గీయిస్తాను. నీ ఎడమ చక్రం ఆ గీత వెంబడి రావాల. వచ్చిందా, ఆడి పోయి ఆవణి రాగానే పెండ్లి. రాలేదా, మా అక్క కొడుకు ఉండాడు."

"ఆ ఒక్క దినం తాగకుండా వస్తే?" అన్నాడు జనంలో ఒకడు.

"శనివారం కూలి ఇచ్చే దినం. తాగేవాడు ఆ దినం విడుస్తాడా?"

అది నిజమేనని అందరూ అన్నారు. సంగిలి వ్యాను స్టార్టు చేస్తుండగా ఇంటి పక్క సందులోంచి ధనం మాట వినిపించింది.

"బాగు చేయించుకొని రా. మా అత్త కొడుకు పళ్లు చూసినావా నువ్వు?"

"చూడలే."

"నేను చూసినా."

స్టీరింగు బాగు చేయించడం సంగిలి ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. వ్యాను పంపకం జరిగిన వ్యాను.

యుద్ధం అయిపోయాక మిలిటరీ డిస్పోజల్లో దాన్ని ఒక రాజుగారు కొన్నారు. ఆయన పోయాక కొడుకులు విజయరాఘవ రాజా, శ్రీరంగ రాజా ఆస్తి పంచుకున్నారు. పంచింది తల్లి రంగనాయకి. ఇంటికి నడిమధ్య గోడ కట్టించింది. వీధి వైపు తిరిగి నిలబడితే కుడి చేతి వైపు పెద్దవాడిది, ఎడమ చేతి వైపు చిన్నవాడిది. తోట, కొట్టం, గాదె అదే లెక్కన పోయాయి. పెద్దవాడికి బ్యాండేజి గుడ్డ వ్యాపారం, చిన్నవాడికి పత్తి గింజలు తీసే జిన్నింగు షెడ్డు వచ్చాయి. వ్యాను ఇద్దరికీ కావాలి. రోజులు పంచుకోమని తల్లి అంది. వారానికి ఏడు రోజులు కావడంతో మిగిలే రోజు గురించి గొడవ మొదలైంది. అది ఎంతకీ తెగకపోయేసరికి ఆమె విసిగిపోయి, "ఇంటిని కోసినట్టు కోసుకోండి, పోండి," అంది.

కొడుకులు దాన్ని తీర్పుగా తీసుకున్నారు.

కుడి సగం అన్నది. స్టీరింగు, హారను, డ్రైవరు సీటు, ఆ సీట్లో కూర్చునే సంగిలి ఆయన వైపు వచ్చారు. ఎడమ సగం తమ్ముడిది. పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ ఆయన వైపు వచ్చాయి. ఇంజను బావి లాంటిది కనుక పొత్తు. గేరు కర్ర నడిమధ్య ఉండడంతో దాని సంగతి ఎవరూ ఎత్తలేదు. తనకు హారను లేదని తమ్ముడు ఎడమ తలుపుకు రబ్బరు బుడ్డి హారను పెట్టించాడు. ఆయుధపూజ నాడు కుడి చక్రం కింద పెట్టే నిమ్మకాయ పెద్దింటి నుంచి, ఎడమ చక్రం కింద పెట్టేది చిన్నింటి నుంచి వచ్చేవి. ఒక ఏడు చిన్నింటి నిమ్మకాయ ముందు నలిగిందని పెద్దాయన పూజ మళ్లీ చేయించాడు.

మరమ్మతులూ అట్లాగే జరిగేవి. ముందు చక్రం అటూ ఇటూ తిరగడానికి ఆధారమైన ఇరుసును కింగ్ పిన్ను అంటారు. అన్న తన వైపు కింగ్ పిన్నుకు గ్రీసు పెట్టించేవాడు. తమ్ముడు తన దాంట్లో ఆముదం పోయించేవాడు. ఒకసారి మెకానిక్ బాలగురుస్వామి, డబ్బాలో గ్రీసు మిగిలింది కదా అని ఎడమ పక్కకు కూడా పెట్టాడు. శ్రీరంగ రాజా ఆ గ్రీసును తీయించి, తామరాకులో పొట్లం కట్టించి, అన్న ఇంటికి పంపించాడు. ఆ తర్వాత బాలగురుస్వామి ఆ వ్యానును ముట్టలేదు.

అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే సంగిలికి చెప్పేవారు. రెండో ఆయన అక్కడే నిలబడి ఉన్నా సంగిలికే చెప్పేవారు.

తెన్‌కాశి రోడ్డులో ఉన్న బాలగురుస్వామి షెడ్డుకు సంగిలి గురువారం సాయంత్రం వెళ్లాడు. చేతులు జోడించాడు. ముట్టకపోయినా ఫర్వాలేదు, చూడమన్నాడు.

బాలగురుస్వామి ఒక వెదురు కర్ర తీసుకుని వ్యాను కిందికి దూరాడు. ముందు చక్రాల మధ్య దూరం వెనక అంచు దగ్గర ఒకసారి, ముందు అంచు దగ్గర ఒకసారి కొలిచాడు. బయటికి వచ్చి కర్ర పక్కన పెట్టాడు.

"చక్రాలు రెండూ లోపలికి చూస్తుండాయిరా. ఓనర్లు మొహం మొహం చూసుకోరు, వాళ్ల చక్రాలు చూసుకుంటుండాయి."

"ఏమి చేయాల మేస్త్రీ?"

"స్టీరింగు బాక్సులో ఆట ఉండాది. స్క్రూ బిగిస్తే పోతుంది. ఎడమ కింగ్ పిన్ను ఎండిపోయి ఉండాది. గ్రీసు పెడితే సరి. అసలు తప్పు టై రాడ్‌లో ఉండాది. ముందు చక్రాలు రెండింటినీ వెనక అంచుల దగ్గర కలిపి పట్టుకొని ఉండే కడ్డీ ఇదే. పోయిన ఏడు సత్రపట్టి గట్టుకు గుద్ది, అయ్యలకు తెలియకుండా దీన్ని మారిస్తివి కదా. పాత ఇనుము అంగడిలో తెచ్చింది పొడుగు జాస్తి. తగ్గించాల."

"తగ్గించేయండి."

"ఎవరిది?"

సంగిలి వంగి కడ్డీని చూశాడు.

"అది కుడి నుంచి ఎడమకు పోతుండాది," అన్నాడు బాలగురుస్వామి. "పంపకంలో దాన్ని ఏమి చేసినారు?"

"ఎవరూ అడగలే."

"ఇప్పుడు అడుగుతారు."

సంగిలి అక్కడి నుంచి నేరుగా రంగనాయకి దగ్గరికి వెళ్లాడు. గోడ వీధి దాకా వచ్చి తిన్నె దగ్గర ఆగిపోతుంది. ఆమె ఆ గోడ చివర, రెండు వైపులకూ చెందకుండా కూర్చుని, చిన్న రోట్లో వక్కా ఆకూ దంచుకుంటుంది. సంగిలి కథంతా చెప్పాడు. సున్నం గీత దగ్గర ఆమె రోకలి ఆపింది. అత్త కొడుకు పళ్ల దగ్గర మళ్లీ దంచడం మొదలుపెట్టింది.

"రేపు పొద్దన్నే వండిని ఇక్కడికి తీసుకొని రా," అంది. వ్యానును ఆ ఇంట్లో వండి అంటారు. "ఆ మెకానిక్‌ను కూడా పిలువు. ఇద్దరినీ నేను కూర్చోబెడతాను."

శుక్రవారం పొద్దున వ్యాను ఇంటి ముందు నిలబడింది. అన్న కుడి పక్క, తమ్ముడు ఎడమ పక్క నిలబడ్డారు. ఇద్దరూ ఇస్త్రీ పంచెలు కట్టుకుని వచ్చారు. బాలగురుస్వామి కర్రతో కొలతలు మళ్లీ చూపించి, కడ్డీ పొడుగు తగ్గాలని చెప్పి, వెనక్కి జరిగి నిలబడ్డాడు.

"సంగిలి, మీ చిన్నయ్యతో చెప్పు," అన్నాడు విజయరాఘవ రాజా. "ఆయన వైపు తగ్గించుకోమను."

"సంగిలి, మీ పెద్దయ్యతో చెప్పు," అన్నాడు శ్రీరంగ రాజా. "పెద్దవాళ్లే కదా ముందు తగ్గాల్సింది."

"ఈ పొద్దు కడ్డీలో తగ్గితే రేపు గోడ కూడా జరుగుతుందని చెప్పు."

"గోడ జరిపే ఆలోచన ఎవరికి ఉండాదో ఇప్పుడు తెలిసిందని చెప్పు."

"అయ్యా," అన్నాడు సంగిలి, "రేపు నా పెండ్లి—"

"ఉండరా," అన్నారు ఇద్దరూ. "ఆస్తి విషయం మాట్లాడుతుంటే పెండ్లి ఏమిటి?"

ఆపైన శ్రీరంగ రాజా ఒక మార్గం చెప్పాడు. కడ్డీకి సరిగ్గా నడిమధ్య ఒక ముక్క కోసి తీసేస్తే ఎవరి వైపూ ఎక్కువ పోదు. విజయరాఘవ రాజా ఆలోచించి, నడిమధ్య ఎక్కడో తాను కొలుస్తానన్నాడు. తమ్ముడు తాను కూడా కొలుస్తానన్నాడు. దారం తెప్పించారు. ఇద్దరూ విడివిడిగా కొలిచి సుద్దముక్కతో గీతలు పెట్టారు. రెండు గీతలూ ఒక్క చోటే పడ్డాయి. ఇద్దరికీ అది నచ్చలేదు. దారం మార్చి మళ్లీ కొలిచారు. గీతలు అక్కడే పడ్డాయి. బాలగురుస్వామి రంపం తెచ్చాడు.

"సంగిలి, అడుగు," అన్నాడు విజయరాఘవ రాజా. "రంపం పళ్ల మందం ఎవరి వైపు పోతుంది?"

"రాలే ఇనుప పొడి ఎవరిదో అది కూడా అడుగు," అన్నాడు శ్రీరంగ రాజా.

బాలగురుస్వామి రంపం కింద పెట్టాడు.

"కోస్తే అతకాల అయ్యా. అతికింది దారిలో విరిగితే, ఇద్దరికీ చెరొక ముక్క మిగులుతుంది. వండి మటుకు మిగలదు."

"రంపం లోపల పెట్టు," అంది రంగనాయకి తిన్నె మీద నుంచి. "మీ నాయన కొన్న వండిని రంపంతో కోసేది చూసేదానికా నేను బతికి ఉండాను?"

"నువ్వే కదమ్మా కోసుకోమంటివి?" అన్నాడు పెద్దకొడుకు.

"నోటితో కోసుకోమంటిని. రంపంతో అంటినా?"

బాలగురుస్వామి గొంతు సవరించుకున్నాడు. కడ్డీకి రెండు కొనల్లోనూ దాన్ని బిగించి పట్టే బోల్టులు ఉన్నాయని, ముందు అవి వదులు చేస్తే తుప్పు ఎంత ఉందో తెలుస్తుందని చెప్పాడు.

"నేను ముట్టను. ఎవరి బోల్టు వాళ్లు వదులు చేసుకోండి. సంగిలి, నువ్వు నడుమ పడుకొని కడ్డీని పైపు రెంచితో కదలకుండా పట్టుకో."

బోల్టు తనదే అయినప్పుడు ఇంకొకరి చేత తిప్పించడం ఇద్దరికీ ఇష్టం లేదు. విజయరాఘవ రాజా స్పానరు తీసుకుని కుడి వైపు నుంచి వ్యాను కిందికి దూరాడు. శ్రీరంగ రాజా ఎడమ వైపు నుంచి దూరాడు. సంగిలి వాళ్ల మధ్యన వెల్లకిలా పడుకున్నాడు. వీధిలో వెళ్లేవాళ్లకు వ్యాను రెండు పక్కలా రెండు ఇస్త్రీ పంచెలు, నాలుగు పాదాలు కనిపించాయి. పాలవాడు సైకిలు ఆపి చూశాడు.

తుప్పు రాలింది. బోల్టులు కదిలాయి. సంగిలి కంట్లో తుప్పు పడింది. ఒక చేత్తో కన్ను నులుముకుంటూ, రెండో చేత్తో రెంచిని గట్టిగా లాగాడు. కదలకూడని కడ్డీ చుట్టూ తిరిగింది.

"ఏయ్!" అన్నాడు శ్రీరంగ రాజా. "నాది లోపలికి పోతుండాది!"

కుడి వైపు నుంచి నవ్వు వినిపించింది. అంతలోనే ఆగిపోయింది.

"సంగిలి! నాది కూడా పోతుండాది!"

"ఏమి పోతుండాదిరా అక్కడ?" అంది రంగనాయకి.

బాలగురుస్వామి వంగి చూశాడు. ఒక కొనకు మరలు ఒక వైపు, రెండో కొనకు మరలు ఎదురు వైపు తిరిగి ఉన్నాయని, కడ్డీని నడుమ పట్టుకుని తిప్పితే రెండు కొనలూ ఒకే మాదిరి లోపలికి పోతాయని ఆమెకు చెప్పాడు.

"ఇది చెప్పేదానికే పొద్దన్నుంచి నోరు తెరుస్తుండాను," అన్నాడు.

"అయితే రంపం ఏమిటికి తెచ్చినావు?"

"అడిగినారని తెచ్చినాను."

అన్నదమ్ములు వ్యాను కిందే పడుకుని దారం తెప్పించుకున్నారు. ఎవరి కొన ఎంత లోపలికి పోయిందో కొలుచుకుని, దారాలు సంగిలి ముఖం మీద పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. నష్టం సమానంగా ఉంది. ఇద్దరూ తిప్పడానికి ఒప్పుకున్నారు. సంగిలి తిప్పాడు, బాలగురుస్వామి కర్రతో కొలిచాడు, చాలు అన్న చోట ఎవరి బోల్టు వాళ్లు బిగించుకున్నారు.

స్టీరింగు బాక్సు పూర్తిగా అన్నది కనుక దాని స్క్రూ బిగించడానికి చర్చ అవసరం కాలేదు. బాలగురుస్వామి ఆట పోయేంత బిగించాడు. ఇంకొంచెం బిగించమని విజయరాఘవ రాజా అన్నాడు. ఇంకొంచెం బిగిస్తే మలుపు దగ్గర వండి తిరగదని చెబితే ఊరుకున్నాడు.

ఎడమ కింగ్ పిన్ను మిగిలింది. శ్రీరంగ రాజా ఆముదం సీసా తెచ్చాడు. బాలగురుస్వామి తల అడ్డంగా ఊపాడు. గ్రీసు డబ్బా విజయరాఘవ రాజా చేతిలో ఉంది.

"ఒక ఉండ ఇయ్యరా రాఘవా," అంది తల్లి.

"ఇస్తాను. తీసుకోమను."

"ఆయన గ్రీసు నాకు ఏమిటికి?" అన్నాడు శ్రీరంగ రాజా.

రంగనాయకి దంచిన ఆకు నోట్లో వేసుకుని, రోలు ఖాళీ చేసి ముందుకు చాచింది.

"దీంట్లో వెయ్. నాకు ఇయ్."

పెద్దకొడుకు గ్రీసు ఉండ రోట్లో వేశాడు. ఆమె దాన్ని వేలితో తీసి, చిన్నకొడుకు చేతిలో పెట్టింది.

"ఇది నా గ్రీసు. పెట్టుకో."

ఆయన పెట్టుకున్నాడు.

శనివారం పొద్దున సంగిలి వ్యాను దగ్గరికి వచ్చేసరికి శ్రీరంగ రాజా ఎడమ పక్క నిలబడి ఉన్నాడు. తన చక్రం ఎట్లా పోతుందో చూడాలన్నాడు. ఆ మాట గోడ అవతలికి వినిపించింది. విజయరాఘవ రాజా చేతిగుడ్డ తలకు చుట్టుకుని బయటికి వచ్చాడు. పంపకం తర్వాత ఇద్దరూ ఒకే ప్రయాణంలో ఆ వ్యాను ఎక్కడం అదే మొదలు. తమ్ముడు ఎడమ సీట్లో కూర్చున్నాడు. అన్న సీట్లో సంగిలి ఉన్నాడు కనుక అన్న కుడి పక్క ఫుట్‌బోర్డు మీద నిలబడి తలుపు పట్టుకున్నాడు. అది చూసి తమ్ముడు కూడా సీట్లోంచి లేచి తన వైపు ఫుట్‌బోర్డు మీదికి వచ్చాడు.

వ్యాను నేరుగా పోయింది. స్టీరింగు తిప్పిన వెంటనే చక్రం తిరిగింది. సంగిలికి మొదటి మైలు భయం వేసింది. రెండో మైలులో పాట వచ్చింది. అన్న కుడి చక్రాన్నీ, తమ్ముడు ఎడమ చక్రాన్నీ చూస్తూ వచ్చారు.

తళవాయిపురం కల్వర్టు దగ్గర గీత మొదలైంది. రోడ్డుకు ఆ చివర, రైస్ మిల్లు ముందు, బాలుసామి బంధువులు మంచాలు వేసుకుని కూర్చున్నారు. బాలుసామి అక్క కొడుకు కూడా వచ్చాడు. అతను నవ్వుతున్నాడు.

సంగిలి వ్యాను కొంచెం కుడికి తీశాడు. ఎడమ చక్రం గీతకు ఎదురుగా వచ్చింది.

"ఏమిరా అది?" అన్నాడు విజయరాఘవ రాజా. "ఆయన చక్రం గీత మీద పోతుందా? నాది మట్టిలో పోతుందా?"

"ఎడమ చక్రం రావాలని మామ చెప్పినాడు పెద్దయ్యా."

"మీ మామకు ఎడమ చక్రం మీద ఏమి అంత ప్రేమ? కుడి చక్రం తీసుకొని రా."

ఆయన తలుపు సందులోంచి చెయ్యి పెట్టి స్టీరింగు పట్టుకున్నాడు. స్టీరింగు ఆయనదే. అవతలి వైపు నుంచి శ్రీరంగ రాజా తల లోపలికి పెట్టాడు.

"చెయ్యి తీయ్ అన్నా!"

పంపకాలు అయ్యాక అన్నదమ్ములు నేరుగా మాట్లాడుకున్న మొదటి మాట అది.

"నా స్టీరింగు. నేను ఏమిటికి తీయాల?"

"నా చక్రం తిరుగుతుండాది దానితో!"

సంగిలి వ్యాను ఆపి ముందుకు చూశాడు. గీత చివర మంచాలు ఉన్నాయి. మంచాల వెనక, మిల్లు పక్కనే ఉన్న తమ ఇంటి గుమ్మంలో ధనం ఉంది.

"అయ్యా," అన్నాడు. "గీత వండికి సరిగ్గా నడిమధ్యన పెట్టుకొని పోతాను. ఎవరి చక్రం కిందికీ రాదు. సరేనా?"

విజయరాఘవ రాజా చెయ్యి తీశాడు. అయితే నడిమధ్యన ఉందో లేదో చూడాలి. ఆయన తలుపు పట్టుకుని నడుము దాకా కిందికి వంగి, వ్యాను కిందికి చూశాడు. ఎడమ వైపు నుంచి తమ్ముడు కూడా అట్లాగే వంగాడు. సంగిలి స్టీరింగు పట్టుకుని, గేరు వేసి, ధనం నిలబడిన గుమ్మం వైపు చూస్తూ పోనిచ్చాడు.

రైస్ మిల్లు దగ్గర కూర్చున్న వాళ్లకు కనిపించింది ఇది. వ్యాను గీతను రెండు చక్రాల మధ్య ఉంచుకుని, దారం పట్టినట్టు నేరుగా వస్తోంది. డ్రైవరు కదలకుండా ముందుకు చూస్తున్నాడు. రెండు పక్కలా ఇద్దరు రాజులు తలకిందులుగా వేలాడుతూ నేలను చూసి కేకలు పెడుతున్నారు.

"నా వైపు జాస్తి ఉండాది!"

"నీ కన్ను వంకర! నా వైపు తక్కువ!"

"వంగి చూడు!"

"వంగే ఉండాను!"

పెద్దాయన తలగుడ్డ ఊడి గీత మీద పడింది. చిన్నాయన కేకల మధ్య బుడ్డి హారను కూడా నొక్కాడు. వ్యాను మంచాల ముందు ఆగింది. వెనక సున్నం గీత ఎక్కడా చెరగలేదు.

బాలుసామి రోడ్డు మీదికి వచ్చి గీతను కల్వర్టు దాకా చూశాడు. తర్వాత రాజులను చూశాడు. వాళ్ల ముఖాలు ఎర్రగా ఉన్నాయి. తలకిందులుగా ఉండి లేవడంతో ఇద్దరూ తూలుతున్నారు. పెద్దాయన తమ్ముడి భుజం పట్టుకుని నిలబడ్డాడు.

"ఎడమ చక్రం గీత మీద రాలేదు," అన్నాడు అక్క కొడుకు.

"నువ్వు నోరు మూయ్," అన్నాడు బాలుసామి. సంగిలిని పక్కకు పిలిచాడు. "నేను తప్పుగా అనుకున్నానప్పా. తాగేది నువ్వు కాదు. వీళ్లు ఇద్దరూ ఎప్పటి నుంచి?"

సంగిలి నిజం చెప్పవచ్చు. చెప్పాలంటే వ్యాను పంపకం మొదలుకుని రోట్లో గ్రీసు దాకా చెప్పాలి. చెప్పకపోతే తన యజమానులు ఈ ఊళ్లో తాగుబోతులుగా మిగిలిపోతారు. గుమ్మంలో ధనం కనుబొమ్మలు ఎత్తింది.

"నేను ముందర చూసి తోలేవాణ్ని మామా," అన్నాడు. "పక్కన జరిగేది నాకు తెలియదు."

"పాపం. ఈ ఇద్దరినీ కట్టుకొని ఇంత నేరుగా వచ్చినావు. నీ మాదిరి నిదానం ఎవరికి ఉంటుంది?"

ఆవణిలో పెళ్లి అన్నాడు. మత్తు దిగాలని లోపలి నుంచి రెండు చెంబుల నిండా ఉప్పు వేసిన మజ్జిగ తెప్పించి రాజులకు ఇప్పించాడు. ఎండగా ఉంది కనుక వాళ్లు తాగారు. తళవాయిపురం వాళ్లకు మర్యాద తెలుసని దారిలో విజయరాఘవ రాజా అన్నాడు. ఎవరితో అన్నాడో సంగిలికి తెలియలేదు. అవునని తమ్ముడు అన్నాడు.

ఆదివారం బాలుసామి పళ్లు, తమలపాకులు తీసుకుని రాజపాళయం వచ్చాడు. తిన్నె మీద కూర్చున్న రంగనాయకికి ముహూర్తం చెప్పాడు. వెళ్లబోతూ ఆగాడు.

"అమ్మా, మీరు పెద్దవాళ్లు. చెప్పకూడదు. ఇద్దరినీ కొంచెం చూసుకోండి. పొద్దన్నే పోసుకొని వండి మీద వేలాడితే, ఒకనాటికి పడిపోతారు."

ఆయన ఏమి అంటున్నాడో అర్థమయ్యాక రంగనాయకి నవ్వింది. ఆకు వక్క గొంతుకు అడ్డం పడేదాకా నవ్వింది. గోడకు కుడి వైపు కిటికీలో విజయరాఘవ రాజా, ఎడమ వైపు కిటికీలో శ్రీరంగ రాజా ఆ మాట విన్నారు.

సోమవారం పొద్దున ఇద్దరూ కలిసి వ్యాను ఎక్కారు. ఈసారి ఇద్దరూ ఎడమ సీట్లోనే కూర్చున్నారు. దారి పొడుగునా ఏమి చెప్పాలో అనుకున్నారు. బాలుసామి తిన్నె మీద కూర్చోబెట్టి మర్యాద చేశాడు. సంగిలి స్తంభం దగ్గర నిలబడ్డాడు.

"మేము తాగలేదు," అన్నాడు విజయరాఘవ రాజా.

"సరి," అన్నాడు బాలుసామి.

"మా అమ్మ ఆస్తి పంచింది. వ్యానును నిలువుగా పంచింది. కుడి చక్రం నాది."

"ఎడమ చక్రం నాది," అన్నాడు శ్రీరంగ రాజా.

"సరి."

"సంగిలి నా సగంలో ఉంటాడు."

"పెట్రోలు నా సగంలో ఉంటుంది."

"ఇంజను బావి."

"సరి సరి."

"కడ్డీ సమానంగా లోపలికి పోయింది. గ్రీసు మా అమ్మది. రోట్లో నుంచి తీసి ఇచ్చింది. అందుకే గీత నడుమ ఉండాలని మేము వంగి చూసినాము. ఇప్పుడు తెలిసిందా?"

బాలుసామి చాలాసేపు వాళ్లిద్దరినీ చూశాడు. తర్వాత సంగిలిని చూశాడు. తర్వాత ఇంట్లోకి తిరిగి పిలిచాడు.

"ధనం! రెండు గ్లాసుల మోరు తీసుకొని రా. ఉప్పు ఇంకా జాస్తిగా వెయ్."

ధనం పెదవులు బిగబట్టుకుని వచ్చి, రెండు గ్లాసుల మజ్జిగ తిన్నె మీద పక్కపక్కన పెట్టింది. దేంట్లో ఎక్కువ ఉందో చూడటానికి అన్నదమ్ములు ఇద్దరూ వంగారు.